మార్గరెట్ రివర్ వైట్ వైన్లు: ఇంట్లో పక్కపక్కన పెట్టి రుచి చూడటం ఎలా?

#1 · పడమటిగాలి

పెర్త్‌లో ఎనిమిది మందిమి కూర్చుని పశ్చిమ ఆస్ట్రేలియాలోని మార్గరెట్ రివర్ ప్రాంతపు వైట్ వైన్లు వరసగా రుచి చూద్దామనుకుంటున్నాం. ఆరు సీసాలు. సీసాకి 25 నుంచి 60 డాలర్లు, ఒక్కటి మాత్రం అంతకు మించినా పర్వాలేదు. మూడు సంగతులు కావాలి. ఏవి కొనాలి? ఏ వరసలో, ఎంత చల్లగా, ఎంతెంత పోయాలి? ఆ నేలకంటూ విడిగా ఒక రుచి ఉందా, లేక అంతా ఓక్ పీపా మహిమా, వైన్‌మేకర్ చేతి పనా? మూడోదాని మీదే మా వాళ్లలో వాదన ఎక్కువ.

#2 · గాజుకుప్పె

మూడోదానికి జవాబు కావాలంటే ఆరూ మార్గరెట్ రివర్‌వే కొంటే కుదరదండీ. బయటిది ఒకటైనా పక్కన ఉండాలి, లేకపోతే దేనితో పోల్చి చెబుతారు? నేనైతే ఇలా కొంటాను.

మొదటిది ఓక్ తగలని సెమియాన్–సావిన్యాన్ బ్లాంక్. అక్కడ దీన్ని ఎస్‌ఎస్‌బీ అనే అంటారు. లేబుల్ మీద ఏ ద్రాక్ష పేరు ముందుంటే దాని పాలు ఎక్కువని అర్థం, కాబట్టి ఎస్‌బీఎస్ అని ఉంటే సావిన్యాన్ ఎక్కువ. స్టీలు ట్యాంకులో పులియబెట్టారా లేదా అన్నది వెనక లేబుల్ మీద చూసుకోండి. కొందరు కొంత భాగాన్ని పీపాల్లో వేస్తారు, ముందు లేబుల్ చూస్తే ఆ సంగతి తెలియదు.

రెండోది అదే జోడీని పీపాలో పులియబెట్టినది. స్టెల్లా బెల్లా వాళ్ల సక్‌ఫిజిల్, కేప్ మెంటెల్ వాళ్ల వాల్‌క్లిఫ్ ఈ బాపతు. మూడోది మధ్యరకం షార్డొనే (ఇదీ ఒక తెల్ల ద్రాక్షే), లూవిన్ ఎస్టేట్ ప్రెల్యూడ్ లాంటిది. నాలుగోది వాస్ ఫీలిక్స్ షార్డొనే. వాళ్ల దగ్గర ఫిలియస్, దాని పైన ఎస్టేట్ పేరుతోనే వచ్చేది, అన్నిటికన్నా పైన హేట్స్‌బరీ అని మూడు మెట్లున్నాయి. మీ డబ్బుకి మధ్య మెట్టు చాలు. అయిదోది బయటి సీసా: మార్నింగ్టన్ పెనిన్సులా షార్డొనే. అదీ సముద్రపు గాలి తగిలే నేలే, కానీ విక్టోరియాలో ఉంది, ఇంకాస్త చల్లన. ఆరోది మీరు మించినా పర్వాలేదన్న సీసా: అయిదారేళ్లు నిండిన పెద్ద షార్డొనే. లూవిన్ ఆర్ట్ సిరీస్ వంద డాలర్లు దాటుతుంది. కల్లెన్ కెవిన్ జాన్ కూడా ఆ వర్గమే. ఆ ధర వద్దనుకుంటే ప్రెల్యూడ్‌లోనే పాత ఏడాది దొరుకుతుందేమో చూడండి.

వరస ఇదే ఉంచండి, ఒక్కటి తప్ప. పాతదాన్ని చివర పెట్టొద్దు. నాలుగోదానికి ముందు పెట్టండి. కుర్ర వైన్‌లోని కొత్త ఓక్ ఘాటు నాలుకకు పట్టాక పాత సీసాలోని సున్నితమైన వాసన అందదు.

#3 · మానేరు ఒడ్డు

పోసే లెక్క నేను చెప్త. సీసా 750 మి.లీ. మనిషికి 50 మి.లీ. చొప్పున ఎనిమిది మందికి 400 పోతది, 350 మిగుల్తది. ఆ మిగిలింది పారబొయ్యకుండ్రి, రెండో చుట్టుకు కావాలె. మూత తీసి పావుగంటల రుచి చూసినదానికీ, గంటన్నర తర్వాత చూసినదానికీ షార్డొనేల మస్తు తేడా ఉంటది.

ఆరు వైన్లు 50 చొప్పున మింగితే 300 మి.లీ. 13 శాతం ఆల్కహాల్ అనుకుంటే సుమారు 31 గ్రాములు. ఆస్ట్రేలియాల 10 గ్రాములు ఒక స్టాండర్డ్ డ్రింక్, అంటే మూడు దాటినట్టే. రెండో చుట్టు కూడా మింగితే నోరు మొద్దుబారి ఏం తెల్వది. గందుకే మనిషికొక మందపాటి కప్పు, లోపల కనపడకుండేటిది, ఉమ్మడానికి పెట్టుండ్రి. ఉమ్మేది సిగ్గు పని కాదు, వైన్ పోటీల జడ్జీలంత అదే చేస్తరు. బండి నడిపేటోళ్లు ఆ రోజు మొత్తం ఉమ్మాలె: అక్కడ రక్తంల ఆల్కహాల్ హద్దు 0.05 శాతం, కొత్త లైసెన్సు వాళ్లకైతే సున్నా.

గ్లాసులు అందరికీ ఒకే రకం ఉండాలె. షార్డొనేకు పెద్ద బుర్ర గ్లాసు మంచిదే గానీ, పోల్చేటప్పుడు ఒకదానికి పెద్దది, ఒకదానికి చిన్నది పెడితే మీరు పోల్చేది గ్లాసుల్ని. సబ్బు వాసన పోయేదాంక వేడినీళ్లతో కడిగి, బట్టతో తుడవకుండా బోర్లించి ఆరబెట్టుండ్రి. అల్మారల బోర్లించి పెట్టిన గ్లాసుకు చెక్క వాసన పడ్తది. ఆ రోజు పొద్దటినుంచి ఇంట్ల అగరొత్తులు, పోపు బంద్.

#4 · గాజుకుప్పె

చల్లదనం గురించి కూడా చెప్పాలి. ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చలిలో షార్డొనే రుచి చూస్తే పులుపు, చేదు మాత్రమే తేలి వాసన ముడుచుకుపోతుంది. ఓక్ తగలని ఎస్‌ఎస్‌బీ 8 డిగ్రీల దగ్గర, పీపాలో చేసింది 10 దగ్గర, షార్డొనేలు 11 నుంచి 13 మధ్య. గదిలో ఏసీ వేసి 22 ఉంటే షార్డొనే సీసాని ఫ్రిజ్‌లోంచి అరగంట, ముప్పావు గంట ముందు తీస్తే సరిపోతుంది. అందాజుగా కాదు, వంటకి వాడే సూది థర్మామీటరు సీసా మూతిలోంచి దించి చూసుకోండి. 15 దాటితే ఆల్కహాల్ ముక్కులో గుచ్చుతుంది, తీపి లేకపోయినా బరువుగా అనిపిస్తుంది. తొందరగా చల్లబరచాలంటే ఐస్, నీళ్లు సగం సగం, గుప్పెడు ఉప్పు. ఉత్త ఐస్ ముక్కల్లో గుచ్చితే గాలి సందులుండి ఆలస్యమవుతుంది.

#5 · కేరీడేల్ చలి

మూడో ప్రశ్నకి వస్తాను. నేల రుచి అనేముందు చోటు ఎలాంటిదో చూడండి. ఉత్తరాన కేప్ నేచురలిస్ట్, దక్షిణాన కేప్ లూవిన్, మధ్యలో సుమారు 100 కిలోమీటర్ల పొడవున సన్నటి భూమి. మూడు వైపులా సముద్రం. వాన దాదాపు అంతా చలికాలంలోనే, మే నుంచి సెప్టెంబరు లోపల పడిపోతుంది. కాయ పండే జనవరి, ఫిబ్రవరి పొడిగా ఉంటాయి, రాత్రీ పగలూ తేడా తక్కువ. అందుకే కాయ ఎండకి ఉడికిపోకుండా, చలికి ఆగిపోకుండా నిదానంగా పండుతుంది. జాన్ గ్లాడ్‌స్టోన్స్ అనే వ్యవసాయ శాస్త్రవేత్త 1965లో ఈ వాతావరణాన్ని ఫ్రాన్స్‌లోని బోర్డో వైన్ ప్రాంతంతో పోల్చి రాశాకే ఇక్కడ వైన్ తోటల ఆలోచన ఊపందుకుంది. టామ్ కల్లిటీ 1967లో వాస్ ఫీలిక్స్ తోట నాటారు. మాస్ వుడ్, కేప్ మెంటెల్, కల్లెన్ ఆ తర్వాత నాలుగేళ్ల లోపలే వచ్చాయి.

నేల ఎక్కువగా ఇనుపరాయి కంకర, కింద బంకమన్ను. నీళ్లు నిలవవు, తీగ మరీ ఏపుగా పెరగదు. మార్రి చెట్లు పెరిగిన చోట ఈ కంకర ఉంటుందని పాతకాపులు గుర్తు పెడతారు. ఆ మార్రి చెట్టుకు ఇంకో లెక్క కూడా ఉంది. అది బాగా పూసిన ఏడాది సిల్వర్‌ఐ పిట్టలు దాని తేనె మీదకి పోతాయి. పూయకపోతే ద్రాక్ష మీద పడతాయి, వలలు కట్టకపోతే షార్డొనే చేతికి రాదు.

ఉత్తరాన యాలింగప్, మధ్యన విల్యాబ్రప్, ఇంకా దిగితే వాల్‌క్లిఫ్, అట్టడుగున కేరీడేల్. ఇవి గ్లాడ్‌స్టోన్స్ గీసిన విభజనలు. దక్షిణానికి పోయేకొద్దీ దక్షిణ మహాసముద్రపు చలి తగిలి సావిన్యాన్‌కి పచ్చి వాసన, షార్డొనేకి సన్నటి పులుపు పెరుగుతాయి. విల్యాబ్రప్ షార్డొనేలో పీచ్, నెక్టరిన్ నిండుగా ఉంటాయి. కాబట్టి నా ఉద్దేశంలో ఆ రుచికి మొదటి కారణం సముద్రమే.

#6 · గాజుకుప్పె

> నా ఉద్దేశంలో ఆ రుచికి మొదటి కారణం సముద్రమే.

అక్కడే తేడా వస్తోందండీ. షార్డొనే వరకు చూస్తే నేలకన్నా ముందు తీగ జాతి మాట్లాడుతుంది. మార్గరెట్ రివర్ పాత తోటల్లో షార్డొనే ఎక్కువగా జిన్‌జిన్ క్లోన్ (క్లోన్ అంటే ఒకే తీగ కొమ్మల నుంచి పెంచిన రకం). 1957లో కాలిఫోర్నియా నుంచి పశ్చిమ ఆస్ట్రేలియాకి తెచ్చిన తీగ. దీని పూత సరిగా నిలవదు. ఒకే గుత్తిలో పెద్ద కాయలూ, గింజ లేని బఠానీలంత కాయలూ కలిసి వస్తాయి. తోటల వాళ్లు దీన్ని కోడీ పిల్లలూ అంటారు. వసంతంలో పూత మీద సముద్రపు గాలి కొట్టిందంటే ఇది ఇంకా ఎక్కువ. దిగుబడి పడిపోతుంది, కానీ చిన్న కాయల్లో రసం కన్నా తొక్క పాలు ఎక్కువ, పులుపూ ఎక్కువ. పెద్ద కాయల్లోంచి పండిన పీచ్ రుచి, చిన్నవాటి నుంచి పులుపూ చిక్కదనమూ ఒకేసారి దిగుతాయి. నోటి నిండా బరువుగా ఉంటూనే చివర నిమ్మతొక్కలా బిగుసుకునే ఆ తీరు వచ్చేది ఇక్కడినుంచే.

కొత్త తోటల్లో 76, 95, 96 నంబర్ల ఫ్రాన్స్ బర్గండీ క్లోన్లు కూడా పెట్టారు. అవి సన్నగా, పూల వాసనగా వస్తాయి. అదే నేల, అదే గాలి, అయినా రుచి వేరు. సముద్రమే కారణమైతే ఇలా వేరుపడకూడదు కదా.

#7 · కేరీడేల్ చలి

వేరుపడతాయి, కాదనను. కానీ జిన్‌జిన్‌ని గాలి తక్కువున్న, వేడి ఎక్కువున్న లోపలి నేలలో పెడితే ఇదే బిగువు వస్తుందా? చిన్న కాయలు రావడానికే గాలి కావాలని మీరే అన్నారు. ఇక ఎస్‌ఎస్‌బీలో జిన్‌జిన్ లేనే లేదు, అయినా దక్షిణపు తోటదీ, ఉత్తరపు తోటదీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. పడమటిగాలి గారూ, ఓక్ లేని ఎస్‌ఎస్‌బీలు రెండు వేర్వేరు చోట్లవి కొనగలిగితే ఈ సంగతి మీకే తేలిపోతుంది.

#8 · పడమటిగాలి

ఇద్దరికీ థాంక్స్. రెండో ఎస్‌ఎస్‌బీ కొనడానికి అందరూ ఒప్పుకున్నారు, అంటే ఇప్పుడు ఏడు సీసాలు. ఇంకో సందేహం: వాస్ ఫీలిక్స్ మధ్య మెట్టు షార్డొనే మూత తీయగానే అగ్గిపుల్ల గీసిన వాసన వస్తుందని ఒకరు అంటున్నారు. అది చెడిపోయినట్టా? తిరిగి ఇచ్చెయ్యొచ్చా?

#9 · ల్యాబ్ మూల

చెడిపోలేదు. చాలామంది వైన్‌మేకర్లు కోరి తెచ్చుకునే వాసన అది. దానికి ప్రధాన కారణం బెంజీన్‌మిథేన్‌థయోల్ అనే గంధక పదార్థం. రసాన్ని పెద్దగా వడకట్టకుండా, మడ్డితో సహా పీపాలోకి పంపి, తోటలోంచి వచ్చిన సహజ ఈస్టుతో పులియబెట్టి, తర్వాత కూడా ఆ ఈస్ట్ మడ్డి మీదే ఉంచితే ఇలాంటివి పుడతాయి. గాలి తగలకుండా పెంచడం, స్క్రూక్యాప్ మూత, రెండూ కలిస్తే అవి సీసాలో నిలుస్తాయి.

తేడా పట్టుకోవాల్సింది ఇక్కడ. అగ్గిపుల్ల, చెకుముకిరాయి వాసన, దాని వెనకే పండు రుచి స్పష్టంగా ఉంటే అది శైలి. కుళ్లిన గుడ్డు, కాలిన రబ్బరు, ఉడికిన క్యాబేజీ వాసన వచ్చి పండు అణిగిపోతే అది లోపం. ముందుగా గ్లాసు బాగా తిప్పి పది నిమిషాలు ఆగండి. గుడ్డు వాసనిచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అయితే చాలావరకు ఎగిరిపోతుంది. పోకపోతే గ్లాసులో 50 మి.లీ. పోసి శుభ్రం చేసిన రాగి ముక్క ఒక నిమిషం వేసి తిప్పండి. గుడ్డు వాసన, మెర్కాప్టన్లు అనే ఇతర గంధక పదార్థాలు రాగికి అంటుకుని పోతాయి, వైన్ ఒక్కసారిగా తేటపడుతుంది. రాగితో కూడా పోకపోతే అది రాగికి అంటుకోని డైసల్ఫైడ్‌గా మారిపోయినట్టు, ఇంట్లో చేయగలిగేదేమీ లేదు, సీసా తిరిగిచ్చేయండి. ఆ రాగి వేసిన గ్లాసు మాత్రం పారబోయండి, తాగొద్దు. ఇది పరీక్షే, మందు కాదు.

ఈ రాగి పరీక్ష సావిన్యాన్ ఉన్న వైన్ల మీద చేయొద్దు. వాటిలో ప్యాషన్‌ఫ్రూట్, పంపర పనస వాసన ఇచ్చేవి కూడా గంధక థయోళ్లే. రాగి వాటినీ లాక్కుపోతుంది. మంచి ఎస్‌ఎస్‌బీ రాగి తగిలితే చప్పబడిపోతుంది, చూసి వైన్ పాడైందనుకుంటారు.

#10 · మానేరు ఒడ్డు

రాగి అంటే దేవుడర్రల ఉద్ధరిణి తీసుకొచ్చేటోళ్లుంటరు మనోళ్లల్ల, ఇంట్ల యుద్ధమైతది, జాగ్రత్త. ఎలక్ట్రీషియన్ దగ్గరి వైరు ప్లాస్టిక్ ఒలిచి నిమ్మకాయ ఉప్పుతోని తోముండ్రి, చాలు.

#11 · ల్యాబ్ మూల

వైరుకి లక్క పూత ఉండకూడదు, అది చూసుకోవాలి. మోటారు చుట్టలోని తీగకి ఉంటుంది, ఇంటి వైరింగ్ దానికి ఉండదు.

మిగతా లోపాలు కూడా చెప్పేస్తాను. తడిసిన అట్టపెట్టె వాసన, పండు రుచి మూగబోవడం కార్క్ దోషం. ఇప్పుడు ఇక్కడి వైట్ వైన్లు దాదాపు అన్నీ స్క్రూక్యాపే కాబట్టి అరుదు. గాలి సోకి పాడైతే కోసి వదిలేసిన ఆపిల్ వాసన వచ్చి రంగు గోధుమవైపు తిరుగుతుంది. పాత సీసాలో లేత బంగారు రంగు మాత్రం సహజమే. అడుగున చక్కెర పలుకుల్లా కనిపించేవి టార్టరిక్ ఆమ్లపు లవణం, హాని లేదు, నిదానంగా వంచితే గ్లాసులోకి రావు. జనవరిలో పెర్త్ ఎండలో కారు డిక్కీలో ఉంచిన సీసా అయితే జామ్ ఉడికించినట్టు ఉంటుంది. దుకాణంలోంచి నేరుగా ఇంటికి తెచ్చుకోండి.

#12 · కేరీడేల్ చలి

ఎస్‌ఎస్‌బీని షార్డొనేకి ముందొచ్చే ఉపోద్ఘాతంలా చూడొద్దు, అందులో చాలా ఉంది. సావిన్యాన్ ఇచ్చేది వాసన: ప్యాషన్‌ఫ్రూట్, కోసిన గడ్డి, పచ్చి క్యాప్సికం. ఈ చివరిదానికి కారణం మెథాక్సీపైరజీన్ అనే పదార్థం, కాయకి ఎండ తగిలేకొద్దీ తగ్గుతుంది. అందుకే ఆకు ఎంత దులపాలన్నది తోటలో పెద్ద నిర్ణయం. దులపకపోతే ఆకుకూర వాసన, ఎక్కువ దులిపితే వడదెబ్బ, వాసన మొత్తం పోతుంది. సెమియాన్ ఇచ్చేది నోట్లో నిడివి: నిమ్మ గుజ్జు, పచ్చి బఠానీ కాయ, కాస్త మైనం లాంటి జిగి. రెండూ విడివిడిగా చూస్తే ఒకటి పైపైన ఘాటు, ఒకటి మూగ. కలిస్తే ఒకదాని ఖాళీ ఇంకొకటి నింపుతుంది.

న్యూ సౌత్ వేల్స్ హంటర్ వ్యాలీ సెమియాన్‌తో దీన్ని పోల్చి కంగారు పడొద్దు. అక్కడ 10, 11 శాతం ఆల్కహాల్ దగ్గరే కోసేస్తారు, ఓక్ ఉండదు, పదేళ్లకి రొట్టె కాల్చిన వాసన పడుతుంది. ఇక్కడిది పూర్తిగా పండనిచ్చి కోసే కాయ, పద్ధతే వేరు. ఓక్ లేని ఎస్‌ఎస్‌బీని మూడేళ్ల లోపల తాగేయాలి. పియెర్రో వాళ్ల ఎల్‌టీసీలో కొద్దిగా షార్డొనే కూడా కలుపుతారు. దాన్ని మీ రెండో ఎస్‌ఎస్‌బీగా పెట్టుకోవద్దు, పోలిక చెడిపోతుంది.

#13 · నెల్లూరు రొయ్య

మధ్యలో తినడానికేం పెడుతున్నారు? మనవాళ్లు ఎనిమిది మంది చేరితే వైన్ ఒక్కటే పెట్టి కూర్చోబెట్టలేం. పులుసు, కారం ఉన్నవాటితో ఈ వైన్లు ఎలా ఉంటాయో ఎవరైనా సరిగ్గా చెప్పండి. ఎక్కడ చూసినా చేపకి వైట్ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు.

#14 · గాజుకుప్పె

మూడు సూత్రాలు చాలు. కూరలో పులుపు వైన్ పులుపుని మించితే వైన్ నీళ్లలా తోస్తుంది. చింతపండు పులుసుతో షార్డొనే వృథా. కారం ఎక్కువైతే ఆల్కహాల్ మంట రెట్టింపవుతుంది, కొత్త ఓక్ వగరు చేదుగా మారుతుంది. ఉప్పు, నూనె రెండూ పులుపుని మెత్తబరుస్తాయి.

దీన్నిబట్టి ఓక్ తగలని ఎస్‌ఎస్‌బీకి మిరియం, నిమ్మ, కొత్తిమీర పట్టించి వేపిన రొయ్యలు, కొబ్బరి వేసిన బీన్స్ వేపుడు, అల్లం పచ్చడి లేకుండా పెసరట్టు. షార్డొనేకి జీడిపప్పు ముద్దతో కారం తక్కువగా వండిన కోడికూర, వెన్నలో వేపిన చందువా. పశ్చిమ ఆస్ట్రేలియా వాగుల్లో దొరికే మారన్ రొయ్య దొరికితే వెన్న, ఉప్పు తప్ప ఇంకేమీ వెయ్యొద్దు. ఆవకాయ, గోంగూర పక్కన పెట్టండి. వాటికి కాస్త తీపి మిగిల్చిన వైన్ కావాలి, ఈ ఏడు సీసాల్లో ఒక్కటీ అలాంటిది కాదు.

#15 · ల్యాబ్ మూల

అదంతా రుచి చూడటం అయిపోయాకే. మొదటి చుట్టులో మంచినీళ్లు, ఉప్పులేని బిస్కట్టు, ఉత్త బ్రెడ్డు తప్ప బల్ల మీద ఏమీ ఉండకూడదు. ఫిల్టర్ కాఫీ గంట ముందే ఆపాలి.

మీ వాదన తేలాలంటే పేరు చూడకుండా రుచి చూడాలి. రుచి చూడని మనిషి ఒకరు పక్క గదిలో మూతలు తీసి, వైన్లని నంబర్లు వేసిన గాజు జగ్గుల్లోకి వంచి తేవాలి. సీసాకి కాగితం చుట్టడం చాలదు: షార్డొనే సీసా భుజాలు వాలి ఉంటాయి, ఎస్‌ఎస్‌బీకి తరచుగా నిటారు భుజాల సీసా వాడతారు, ఆకారం చూసే చెప్పేస్తారు.

బయటి షార్డొనేకీ మార్గరెట్ రివర్ షార్డొనేకీ తేడా నిజంగా తెలుస్తోందా అంటే ముక్కోణపు పరీక్ష పెట్టండి. మనిషికి మూడు గ్లాసులు, 30 మి.లీ. చొప్పున. రెండింటిలో ఒకటే వైన్, మూడోదానిలో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. నలుగురికి మొదటి వైన్ రెండు గ్లాసుల్లో, మిగతా నలుగురికి రెండో వైన్ రెండు గ్లాసుల్లో పోయండి, వరస మార్చండి. ఒక్కో సీసా నుంచి 360 మి.లీ. పడుతుంది. మొదటి చుట్టుకి 400 పోయింది కాబట్టి, ఈ రెండు సీసాలకీ మొదటి చుట్టు 40కి తగ్గించండి, 320 అవుతుంది, సరిపోతుంది. ఊరికే చెప్పినా మూడింట ఒకరు కరెక్టవుతారు. ఎనిమిదిమందిలో అయిదుగురు చెప్పినా అది అదృష్టం అయ్యుండొచ్చు, దానికి సుమారు 9 శాతం అవకాశం ఉంది. ఆరుగురు చెబితే అది 2 శాతానికి పడిపోతుంది, అప్పుడు తేడా ఉందని ఒప్పుకోవచ్చు. ఆ తేడా నేలదా, క్లోన్‌దా, ఓక్‌దా అన్నది ఈ పరీక్ష చెప్పదు. దానికి ఒకే వైన్‌మేకర్ ఒకే పద్ధతిలో వేర్వేరు తోటల నుంచి చేసిన సీసాలు కావాలి.

#16 · గాజుకుప్పె

మార్నింగ్టన్ సీసాలో మేలోలాక్టిక్ జరిగి, మార్గరెట్ రివర్ సీసాలో జరగకపోతే పిల్లాడు కూడా తేడా చెప్పేస్తాడు. మాలిక్ ఆమ్లం, అంటే పచ్చి ఆపిల్ పులుపు, బ్యాక్టీరియా వల్ల లాక్టిక్‌గా మారి పెరుగు పులుపులా మెత్తబడటమే మేలో. అది పూర్తయితే వెన్న వాసన కూడా రావచ్చు. మార్గరెట్ రివర్‌లో చాలామంది దీన్ని సల్ఫైట్, చలి సాయంతో ఆపేస్తారు, లేదా కొన్ని పీపాలకే జరగనిస్తారు. కొనేముందు రెండు సీసాల సాంకేతిక వివరాలూ వాళ్ల వెబ్‌సైట్లలో చూసి మేలో, కొత్త ఓక్ శాతం దగ్గర దగ్గరగా ఉన్నవి ఎంచుకోండి. అప్పుడే పోలికకి అర్థం.

మార్కుల సంగతి: ఆస్ట్రేలియా పోటీల్లో పాత పద్ధతి 20కి, అందులో రంగుకి 3, వాసనకి 7, నోటికి 10. ఇప్పుడు ఎక్కువగా 100కి వేస్తున్నారు, 95 నుంచి బంగారం, 90 నుంచి వెండి, 85 నుంచి కంచు. మీకు 20 పద్ధతే నయం. కొత్తవాళ్లు 100కి వేస్తే అందరూ 88, 92 మధ్యే తిరుగుతారు. కాగితం మీద ముందు నాలుగు మాటలు రాయించండి: పులుపు ఎంత, బరువు ఎంత, ఓక్ ఎంత, మింగాక ఎన్ని సెకన్లు రుచి నిలిచింది. మార్కు ఆ తర్వాత. ఒకరి మార్కు ఇంకొకరికి చెప్పకుండా కాగితాలు మడిచి ఇవ్వాలి, లేకపోతే గట్టిగా మాట్లాడేవాడి మార్కే అందరిదీ అవుతుంది.

ఏడాదుల్లో 2018 మంచిది, కనిపిస్తే తీసుకోండి. 2024 బాగా వేడి, కోతలు చాలా ముందే మొదలయ్యాయి. ఆ ఏడాది సీసాలో పండు మరీ పండినట్టుంటే తప్పు నాలుకది కాదు.

#17 · భాగ్యనగరి

హైదరాబాద్ నుంచి జనవరిలో పెర్త్ వస్తున్నాం, ఒక రోజు అటు వెళ్లాలని ఉంది. ఒక్క రోజు సరిపోతుందా? సీసాలు వెంట తెచ్చుకోవడానికి ఎంత వరకు వీలు?

#18 · కేరీడేల్ చలి

పెర్త్ నుంచి మార్గరెట్ రివర్ ఊరు సుమారు 270 కిలోమీటర్లు, ఒక వైపుకే మూడు గంటలు. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రావడం అంటే ఆరు గంటలు కార్లోనే. రాత్రి బస పెట్టుకోండి. చీకటి పడే వేళ రోడ్డు మీదకి కంగారూలు వస్తాయి, ఆ సమయంలో నడపకండి. తాగనివాళ్లు ఒకరు డ్రైవింగ్‌కి ఉండాలి, లేదంటే టూర్ బస్సు.

కేవ్స్ రోడ్డు ఉత్తర దక్షిణాలుగా పోతుంది. విల్యాబ్రప్ దగ్గర వాస్ ఫీలిక్స్, కల్లెన్, పియెర్రో దగ్గర దగ్గరే. రోజుకి మూడు సెల్లార్ డోర్లు (వైనరీల్లో రుచి చూపించే చోట్లు) చాలు, నాలుగోదానికి నాలుక పనిచేయదు. వైట్ వైన్ల కోసమే వచ్చామని ముందే చెప్పండి, లేకపోతే కాబర్నే రెడ్ వైన్ల వైపు తీసుకుపోతారు. సిడ్నీ, మెల్‌బోర్న్ మీదుగా వస్తుంటే పళ్లు, తేనె వెంట పెట్టుకోవద్దు, పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దు క్వారంటైన్ గట్టిది. ఇక్కడి తోటల్లో ద్రాక్ష వేళ్లని పాడుచేసే ఫిలాక్సెరా పురుగు లేకపోవడానికి ఈ కట్టుదిట్టం కూడా ఒక కారణం.

#19 · మానేరు ఒడ్డు

ఇండియాల దిగేటప్పుడు మనిషికి 2 లీటర్ల దాంక డ్యూటీ లేదు. రెండు సీసాలు 1.5 లీటర్లు, మూడోది పెడితే 2.25 అయి హద్దు దాటుతది. కాబట్టి మనిషికి రెండు. చెక్ఇన్ సూట్‌కేసులనే పెట్టాలె, చేతి బ్యాగుల నడవదు. సీసా మెడ, అడుగు రెండు చోట్ల బట్టలు మందంగ చుట్టి పెట్టె నడుమ పెట్టుండ్రి. పగిలేది ఎక్కువ మెడ దగ్గర్నే.

ఒకే దుకాణంల 300 డాలర్లు గానీ అంతకు మించి గానీ కొని, ప్రయాణానికి 60 రోజుల లోపలి బిల్లు ఉంటే ఎయిర్‌పోర్టుల టీఆర్‌ఎస్ (టూరిస్ట్ రిఫండ్ స్కీమ్) కింద పన్ను వాపస్ వస్తది. వైన్ మీద జీఎస్‌టీతో పాటు వెట్ అనే వైన్ పన్ను కూడా తిరిగిస్తరు, అది చాలామందికి తెల్వది. ద్రవం కాబట్టి సూట్‌కేసు ఇచ్చెయ్యకముందే బార్డర్ ఫోర్స్ కౌంటర్ల సీసాలు చూపించి బిల్లు మీద ముద్ర వేయించుకోవాలె. లోపలికి పోయినంక అడిగితే సీసాలెక్కడ అంటరు.

హైదరాబాద్‌ల కొంటే ఎందుకింత ధర అని అడిగేటోళ్లకు: ఇండియాల దిగుమతి వైన్ సుంకం 150 శాతం ఉండేది. 2022 డిసెంబర్ 29న అమలైన ఆస్ట్రేలియా ఒప్పందంతో దిగుమతి ధర 5 అమెరికా డాలర్లు దాటిన సీసాకు 100, 15 అమెరికా డాలర్లు దాటినదానికి 75 శాతానికి దిగింది. ఏటేటా ఇంకా తగ్గుతది, పదేండ్లకు 50, 25 అయితది. ఆ పైన రాష్ట్రం పన్నులు వేరే.

#20 · పడమటిగాలి

చివరి ప్రశ్న. రుచి చూశాక మిగిలే సీసాలు ఎన్నాళ్లుంటాయి? ఏడు సీసాల్లో తలా కొంత మిగులుతుంది.

#21 · ల్యాబ్ మూల

ఓక్ తగలని ఎస్‌ఎస్‌బీ మూత బిగించి ఫ్రిజ్‌లో రెండు రోజులు, మూడో రోజుకి ప్యాషన్‌ఫ్రూట్ వాసన పోతుంది. షార్డొనే మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. అగ్గిపుల్ల వాసన బాగా ఉన్నది రెండో రోజే మెరుగ్గా ఉండొచ్చు. వాక్యూమ్ పంపు పెద్దగా పనిచేయదు, వాసనని కూడా లాగేస్తుంది. అంతకన్నా ఖాళీ 375 మి.లీ. స్క్రూక్యాప్ సీసాలు నాలుగైదు వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి ఉంచుకోండి. పార్టీ అయిపోయాక కాదు, జగ్గుల్లోకి వంచకముందే మీకు మిగులుతుందనుకున్నంత వాటిలోకి అంచు దాకా నింపి మూత బిగించేయండి. లోపల గాలి లేకపోతే వారం పైనే ఉంటుంది. ఆరో నంబరు పాత షార్డొనేకి మాత్రం ఇదేమీ చేయొద్దు, ఆ రాత్రికే ముగించండి.